కాజా పిన్ని దగ్గిన రోజు

ఆ కుట్టు హాల్లో ఆమెను అందరూ భూతద్దం అంటారు. ఎదురుగా ఉంటే భూతద్దం అక్క. పక్కకు తిరిగితే ఉత్త భూతద్దం. పొద్దున ఇచ్చిన చొక్కాను సాయంత్రం వెనక్కి కొడితే మాత్రం "ఆ మాయదారి భూతద్దం". ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం తప్పులు పట్టడం. కుట్టిన ప్రతి చొక్కా ఆమె బల్ల మీదికి రావాలి. తిరగేసి మరగేసి, చంకలో రెండు వేళ్ళు దూర్చి లాగి, కాలరు మడిచి, గుండీ పెట్టి తీసి చూస్తుంది. అంతా సరిగ్గా ఉంటే లోపలి అంచున సుద్దతో చిన్న గీత గీస్తుంది. గీత పడితే చొక్కా ఇస్త్రీకి పోతుంది. లేకపోతే ఏ మిషను నుంచి వచ్చిందో ఆ మిషను దగ్గరికే, అలిగి పుట్టింటికి వచ్చిన పిల్లలా తిరిగి చేరుతుంది.

రోజంతా తప్పులు పట్టే మనిషి మీద ఎవరికైనా ప్రేమ ఉంటుందా? ఆ హాల్లో ఉంది. దానికి కారణం మధ్యాహ్నం.

పన్నెండున్నరకు సూపర్‌వైజరు ఈల ఊదుతాడు. పని మొదలవడానికీ ఈలే, ఆగడానికీ ఈలే, అందుకే ఆయన ఈల సారు. ఈల మోగగానే ముప్ఫై మిషన్లు ఒక్కసారిగా నోరు మూస్తాయి. ఆడవాళ్ళు భోజనాల డబ్బాలు విప్పుతారు. పది నిమిషాల్లో తినడం అయిపోతుంది. ఆ తర్వాత భూతద్దం అక్క దారపు రీళ్ళు వచ్చే చెక్కపెట్టెను బోర్లించి దాని మీద కూర్చుని, వారపత్రిక తీసి సీరియల్ చదువుతుంది. వారానికి వచ్చేది ఒక్క భాగమే. దాన్నే రోజుకి ఇంత చొప్పున సాగదీస్తుంది, శనివారానికి సరిపోయేలా. ఉత్తినే చదవదు. ముసలాడు వస్తే ముసలి గొంతు, పోలీసు వస్తే పోలీసు గొంతు. ఈ మధ్య నడుస్తున్నది లారీ నడిపే ఒక ఆవిడ కథ. ఆవిడ నోరు మంచిది కాదు. ఆ తిట్లు చదివేటప్పుడు భూతద్దం అక్కకి ఎక్కడ లేని ఊపు వస్తుంది.

వినేవాళ్ళు కూర్చోవడానికి ఒక క్రమం ఉంది. ఎవరూ పెట్టిన క్రమం కాదు, మిషన్లు పెట్టింది. కుట్టు మిషను హోరులో ఏళ్ళ తరబడి పనిచేస్తే చెవులు మందగిస్తాయి. ఎంత పాతమనిషి అయితే అంత తక్కువ వినపడుతుంది. కాబట్టి పాతవాళ్ళు పెట్టెకు దగ్గరగా, కొత్తవాళ్ళు వెనగ్గా. అందరికంటే ముందు, భూతద్దం అక్క మోకాళ్ళకు ఆనుకుని కూర్చునేది కాజా పిన్ని. ముప్ఫై ఏళ్ళుగా చొక్కాలకు గుండీ కాజాలు వేయడమే ఆమె పని. ఎడమ చెవి ఏనాడో పోయింది. కుడిచెవి సగం ఉంది. ఆ సగాన్ని తీసుకొచ్చి చదివే నోటి కింద పెడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ హాలుకు తొమ్మిది కిటికీలున్నాయి. తొమ్మిదింటికీ మేకులు కొట్టేశారు. గాలి వస్తే కత్తిరించిన ముక్కలు ఎగురుతాయట, తెల్లగుడ్డ మీద దుమ్ము పడుతుందట. గుడ్డకు దుమ్ము తగలకూడదని ముప్ఫైమంది మనుషులు ఒకరు వదిలిన గాలిని ఒకరు పీల్చుకుంటూ బతికారు. ఇన్నేళ్ళలో ఆ మేకుల గురించి అడిగినవాళ్ళు లేరు. భూతద్దం అక్కకు కూడా ఆ తప్పు కనపడలేదు.

ఆమె తప్పు పట్టే పద్ధతి వెనక ఒక పాత నొప్పి ఉంది. చేరిన మొదటి ఏడాది, ఇస్త్రీ బల్ల దగ్గర వరసగా చొక్కాల చంకలు విడిపోతుండేవి. ఇస్త్రీ చేసే ఆమెది మోటు చెయ్యి, పెట్టె గట్టిగా నొక్కుతుందని అందరూ అన్నారు. కొత్తగా చేరిన ఈమె కూడా అదే నిజమనుకుని తప్పుల పుస్తకంలో ఆ ఇస్త్రీ మనిషి నంబరు రాసింది. ఒకసారి కాదు, వారం రోజులు. ఆ మనిషిని తీసేశారు. నెల తిరక్కుండా కొత్త ఇస్త్రీ మనిషి చేతిలోనూ చంకలు విడిపోవడం మొదలైంది. అప్పుడు తట్టింది ఈమెకు చీటీలు చూడాలని. చొక్కాలు కట్టలుగా నడుస్తాయి, ప్రతి కట్టకూ ఒక చీటీ ఉంటుంది. ఏ రోజు, ఏ మిషను మీద ఏ భాగం కుట్టారో అన్నీ అందులో ఉంటాయి. విడిన చంకలన్నీ నాలుగో మిషనువి. ఆ మిషనుకు దారం బిగువు తప్పింది. చూడ్డానికి కుట్టు చక్కగానే ఉంటుంది, మూడు రోజుల తర్వాత వేడి తగిలితే విడిపోతుంది. ఆమె ఆ పాత ఇస్త్రీ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళింది. అప్పటికే ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆనాటి నుంచి భూతద్దం అక్క విడిన చోట ఎవరి నంబరూ రాయదు. వెనక్కి వెళ్ళి, కుట్టిన చోటు చూశాకే రాస్తుంది.

ఇక అసలు కథ. ఆ వారం మంగళ, బుధవారాల్లో లారీ ఆవిడ కథ మంచి పాకాన పడింది. సరుకు గోడౌను యజమాని ఆవిడను మోసం చేస్తే, ఆవిడ గేటు ముందు లారీ అడ్డం పెట్టి, పైకెక్కి నిలబడి ఏకధాటిగా తిడుతుంది. బుధవారం భూతద్దం అక్క ఆ రెండు పేజీలూ గొంతు చించుకుని చదివింది. హాలంతా చప్పట్లు. ఈల సారు కూడా ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. ఆ రోజు ఆమెకు ఒంట్లో ఏ బాధా లేదు. ఆకలి బాగా వేసింది, పని బాగా సాగింది.

గురువారం నుంచి ఆమె సెలవు. అత్తగారికి కంటి ఆపరేషను. ఆ పొద్దున లేచేసరికి గొంతులో గరగర. "నిన్నటి తిట్ల ఫలం" అనుకుంది. కంటాసుపత్రి మెట్లెక్కేసరికి ముక్కు కారడం మొదలైంది. గుమ్మం దగ్గర కూర్చున్న నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"జలుబా? ఎప్పట్నించి?"

"ఇవాళ పొద్దున్నించే అమ్మా. చల్లగాలి కొట్టినట్టుంది."

"చల్లగాలి కాదు, వైరసు. మీరు లోపలికి రాకూడదు. ఈ ముసలమ్మతో నిన్న ఉన్నారా?"

"ఒకే ఇల్లు కదమ్మా. నిన్న ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం. కానీ నిన్న నాకేం లేదు, రాయిలా ఉన్నాను."

నర్సు ఆమె ముక్కుకు ఒక మాస్కు ఇచ్చి, మనిషిని కాస్త దూరం జరిపి, ఓపిగ్గా చెప్పింది. "లోపల చేరిన రోజే తెలియదమ్మా. ముందు అది ముక్కులో, గొంతులో చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఒళ్ళు దాన్ని పసిగట్టి కొట్లాటకు దిగినప్పుడు మీకు జ్వరం, దగ్గు. ఈలోగా రోజో రెండు రోజులో మీరు బాగానే తిరుగుతుంటారు, మాటల్లో, నవ్వుల్లో అది బయటికి పోతూనే ఉంటుంది. అందరికీ ఒకేలా ఉండదు, అన్ని జలుబులూ ఒకటి కాదు. కానీ దగ్గొచ్చాకే అంటుకుంటుందనుకోవడం పొరపాటు. గట్టిగా మాట్లాడితే మరీ ఎక్కువ పోతుంది. నిన్న మొన్న ఎవరితోనైనా గట్టిగా మాట్లాడారా?"

భూతద్దం అక్క తల అడ్డంగా ఊపింది. రెండు పేజీల తిట్లను మాట్లాడ్డం అనాలో లేదో ఆమెకు అర్థం కాలేదు.

డాక్టరు ఆపరేషను పది రోజులు వాయిదా వేశాడు. దారి పొడుగునా అత్తగారు ఊరుకోలేదు.

"నా కంటికి పొరలున్నాయని తీసుకొచ్చింది. దాని ముక్కుకు తలుపు లేదని నన్ను వెనక్కి పంపారు. ఏరా, విన్నావా?"

నీళ్ళ ట్యాంకరు నడిపే కొడుకు, అంటే భూతద్దం అక్క భర్త, వినపడనట్టు ముందు నడిచాడు. ఈ ఇద్దరాడవాళ్ళ మధ్య ఇరవై ఆరేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి. చెవులు మిషన్ల వల్ల కాదు, అవసరం వల్ల మందగించాయి.

"అత్తయ్యా, మీరా మాస్కు కిందికి లాక్కోకండి."

"లాక్కోకపోతే నిన్నెలా తిట్టేది?"

నాలుగు రోజులు ఆమె ముందుగదిలో విడిగా పడుకుంది. జ్వరం వచ్చి పోయింది. అదృష్టం, అత్తగారికి ఏమీ కాలేదు. మంగళవారం మాస్కు కట్టుకుని పనికి వెళ్ళింది. హాల్లో అడుగు పెట్టగానే చూసిన మొదటి తప్పు, కాజా మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"పిన్ని ఏదీ?"

ఈల సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఇంటికి పంపేశాం అక్కా. శుక్రవారం పొద్దున వస్తూనే హాలు అదిరిపోయేలా దగ్గింది. శనివారానికి ఇంకో ఎనిమిదిమంది పడ్డారు. ఆర్డరు వెనకబడింది. పై ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? పెద్దావిడ కదా, తీసెయ్యొద్దని నేనే బతిమాలాను. తగ్గాక కింద గోడౌన్లో దారాలు కత్తిరించే పనికి వేస్తారట. సోమవారం నుంచి కాజాకు కొత్త మనిషి వస్తుంది."

"అంటే పిన్నే తెచ్చిందని తేల్చేశారా?"

"మొదట దగ్గింది ఆమే కదక్కా. అందరూ చూశారు."

అందరూ చూశారు. ఇస్త్రీ పెట్టె కింద చంక విడిపోవడం కూడా ఆ రోజు అందరూ చూశారు. భూతద్దం అక్క తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ పూట చేతిలో సుద్ద ఉంది గాని గీతలు వంకర పోయాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా కాజా పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. ఖాళీగా కూర్చోవడం రాక, ఒక పాత గుడ్డముక్కకు సూదితో కాజాలు వేస్తోంది. గుండీలు లేని కాజాలు, వరసగా పదో పదకొండో. భూతద్దం అక్క మాస్కు సరిచేసుకుని వీధిలోనే ఆగింది.

"రావే, దూరంగానే ఉండు. నాకింకా పూర్తిగా తగ్గలా" అంది పిన్ని. "నాకొకటే దిగులే. ఎక్కడ తెచ్చాను? నాలుగు రోజుల్నించి నా అడుగులు నేనే తవ్వుకుంటున్నా. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు, కొట్లో ఎవరు తుమ్మారు... ఏమీ గుర్తు రావట్లేదు. పాపం ఆ పిల్లలందరికీ అంటించేశాను. గోడౌనుకి పంపడం న్యాయమే."

"దారాలు కత్తిరిస్తావా నువ్వు?"

పిన్ని సూది ఆపింది. "ముప్ఫై ఏళ్ళు కాజా వేశాను. కాజా అంటే ఏంటే? మంచి గుడ్డకు కావాలని చిల్లు పెట్టి, ఆ చిల్లు చిరగకుండా కాపలా కాయడం. ఇంకేం రాదు నాకు." అంతలోనే ఆమే నవ్వింది. "అది సరే, లారీది ఏమైందే? మొన్న బుధవారం ఎంత బాగా తిట్టావే! ఆ వెధవని 'నీ గోడౌను తాళం నీ నోటికే వేస్తా' అన్నప్పుడు నీ తుంపర వచ్చి నా చెంప మీద పడింది. తుడుచుకుంటే కథలో ముక్క పోతుందని అలాగే కూర్చున్నా."

ఆస్పత్రి గుమ్మంలో నర్సు అడిగిన ప్రశ్నకు భూతద్దం అక్కకు జవాబు ఇప్పుడు దొరికింది. కుట్టు విడింది పిన్ని దగ్గర. బిగువు తప్పిన మిషను తను.

చెప్పేయాలి. కానీ ఊరికే చెబితే ఎవరు నమ్ముతారు? ఆ రోజు ఒంట్లో ఏ బాధా లేని మనిషి అంటించిందంటే నవ్వుతారు. పిన్ని మీద జాలితో నెత్తినేసుకుందంటారు. చీటీలు కావాలి. సోమవారం కొత్త మనిషి మిషను మీద కూర్చునేలోగా కావాలి.

మర్నాడు ఆమె పాత కట్టల చీటీలు బోర్లించి, వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్ళింది. రెండే ప్రశ్నలు. ఒంట్లో తేడా మొదట ఏ రోజు తెలిసింది? మంగళ, బుధవారాల్లో సీరియల్‌కు ఎక్కడ కూర్చున్నావు?

రెండో ప్రశ్నకు అందరూ ఠక్కున చెప్పారు. మొదటిదానికే నోళ్ళు పెగల్లేదు. ఆ హాల్లో దగ్గినవాళ్ళను ఇంటికి పంపుతారు, పంపిన రోజుకి కూలి ఉండదు. అందుకని దగ్గును మింగడం అక్కడ ఒక విద్య. మిషను నడిచేటప్పుడే దగ్గాలి, హోరులో కలిసిపోతుంది. ముక్కు చీదాలంటే ఇస్త్రీ ఆవిరి దగ్గరికి వెళ్ళాలి. పిన్ని పాపం ఏమిటంటే, చెవి సరిగా వినపడక, మిషన్లు ఇంకా నడవడం లేదని తెలియక, ఈలకు ముందే దగ్గింది.

"నేను గురువారం పొద్దున్నే పడ్డాను" అని చెప్పడం మొదలుపెట్టింది భూతద్దం అక్క. "ఆస్పత్రి గుమ్మంలో ముక్కు కారింది. నాదే ముందు రాసుకున్నాను, చూడు. ఇప్పుడు నువ్వు చెప్పు."

ఇస్త్రీ బల్ల దగ్గరుండే వదిన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "సారుకి చెప్పకు. నాకు శుక్రవారం తెల్లారుజామునే ఒళ్ళు కాలింది. మాత్ర వేసుకుని వచ్చాను."

"అంటే పిన్ని దగ్గకముందే?"

"ఆమె దగ్గేసరికి నాకు తల పగిలిపోతోంది. 'అమ్మయ్య, నాకంటే ముందు ఈవిడ బయటపడింది' అనుకున్నా. పాపిష్టిదాన్ని."

అలా ఒక్కో చీటీ నిండింది. చివరికి కాలరక్క దగ్గరికి వచ్చింది. కాలర్లు కుట్టే ఈమె మిషను, పిన్ని మిషనుకు ఆనుకునే ఉంటుంది. ఇద్దరి మోచేతులూ రోజంతా తగులుతుంటాయి. కాలరక్కకు కథలంటే పడవు. అందరూ సీరియల్ వింటుంటే ఆమె మెట్ల దగ్గర తలుపు తీసుకుని, అక్కడ వచ్చే గాలికి ఒక కునుకు తీస్తుంది.

"నీకు ఏ రోజు వచ్చింది?"

"ఏంటి రావడం? నాకేం రాలా. గుండులా ఉన్నా. నీ గోల వినను కాబట్టి ఆరోగ్యంగా ఉన్నా" అంది కాలరక్క, ఎగతాళిగా.

ఆ ఎగతాళి మాటనే భూతద్దం అక్క చీటీ మీద ఉన్నదున్నట్టు రాసుకుంది.

శుక్రవారం ఈల మోగింది, తినడాలయ్యాయి. ఆమె చెక్కపెట్టెను హాలు మధ్యలో కాక, మెట్ల తలుపు బార్లా తీసి దాని పక్కన వేసింది. మాస్కు తీయలేదు. కూర్చోలేదు కూడా, పెట్టె ఎక్కి నిలబడింది. ఈల సారును కూడా పిలిచింది.

"ఇవాళ లారీ లేదు. ఇవాళ మన కథే" అంది.

"మన కథలో హీరో ఎవరక్కా?" అంది వెనకనుంచి ఎవరో.

"హీరో లేడు. దొంగ ఉంది. వినండి."

చీటీలు ఒక్కొక్కటే చదివింది. పేర్లు చెప్పలేదు, కూర్చున్న చోటు, పడ్డ రోజు మాత్రమే. మొదటి వరసలో కూర్చున్న ఆరుగురిలో అయిదుగురు. రెండో వరసలో ముగ్గురు. వెనక వరసల్లో ఒక్కరు. కాజా మిషనుకు మోచెయ్యి ఆనించి కుట్టే మనిషికి ఏమీ లేదు, ఆమె సీరియల్ వినదు. హాలుకు ఆ చివర ఇస్త్రీ దగ్గరుండే మనిషికి వచ్చింది, ఆమె మొదటి వరసలో వింటుంది. పిన్ని దగ్గిన పొద్దుటికే ముగ్గురికి ఒళ్ళు కాలుతోంది.

"పిన్ని దగ్గాక పిన్ని నుంచి రావాలంటే రోజైనా పట్టాలి కదా. ఆమె కంటే ముందే ఈ ముగ్గురికి ఎలా వచ్చింది? ఒకే రోజు నాలుగు చొక్కాలు విడిపోతే నేనేం చేస్తాను సారూ?"

ఈల సారు తనకు తెలియకుండానే జవాబిచ్చాడు. "నాలుగూ ఒకే మిషను మీద కుట్టారేమో చూస్తావు."

"చూశాను. ఆ మిషను ఈ పెట్టె మీద కూర్చుని బుధవారం మీ అందరి ముఖాల మీదా లారీ తిట్లు తిట్టింది. అప్పటికి నాకు తుమ్ము లేదు, దగ్గు లేదు. గురువారం పొద్దున్నే పడ్డాను. సెలవులో ఉన్నాను కాబట్టి మీరెవరూ చూడలేదు. పిన్ని మొదట దగ్గలేదు. మొదట వినపడేలా దగ్గింది, అంతే. మీకు అంటించింది నేను. పిన్నికి అంటించిందీ నేనే."

మొదటి వరసలో ఒకామె కళ్ళు ఎర్రబడ్డాయి. "మా చంటిది రెండు రాత్రులు ఏడ్చిందక్కా" అంది. భూతద్దం అక్క తల వంచుకుంది. "తెలుసమ్మా. నన్ను తిట్టు, పడతాను" అంది.

ఆ మాట అందుకుంది కాలరక్కే. "లారీ ఆవిడ తిట్టింది గోడౌను వాణ్ణి. జ్వరం వచ్చింది మన ఇస్త్రీ వదినకి! బాగుందే న్యాయం!"

ఇస్త్రీ వదిన పకపకా నవ్వింది. నవ్వు పక్కకు పాకింది. చంటిది ఏడ్చిన తల్లి కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది. "మరి నీకెవరు అంటించారక్కా?" అని అడిగింది ఆమెనే.

"దాని కోసం కూడా వెతికాను. ఆ ముందు ఆదివారం మా ఆడపడుచు ఇంటికెళ్ళాను. ఆమె బాగానే ఉంది, నవ్వుతూ నవ్వుతూ టీ ఇచ్చింది, సోమవారం పడింది. ఆమెకెవరంటే వాళ్ళ ఆఫీసులో ఎవరో, వాళ్ళూ ఆ పూట బాగానే ఉండుంటారు. చొక్కాకైతే నాలుగో మిషను దగ్గర ఆగిపోతాను. దీనికి ఆగే చోటు లేదు. బాగున్న మనిషి బాగున్న మనిషికి ఇస్తూ పోయింది. ఇందులో ఎవరి నంబరు రాయాలి సారూ? పిన్నిది రాస్తే నాదీ రాయండి, మీదీ రాయండి. బుధవారం మీరు రెండో వరసలో నిలబడ్డారు."

ఈల సారు చెయ్యి అప్రయత్నంగా గొంతు మీదికి పోయింది. ఆదివారమంతా ఆయన మంచం మీదే ఉన్న సంగతి ఆయన చీటీలో రాయించలేదు.

"కానీ రెండు తప్పులు మాత్రం రాస్తాను" అంది ఆమె. తప్పుల పుస్తకం తెరిచి, అందరూ చూస్తుండగా రాసింది. తప్పు: కిటికీలు తొమ్మిది, మేకులు కొట్టి ఉన్నవి. తప్పు: దగ్గితే కూలి కోత. "గాలి ఆడని చోట తలుపు పక్క కునుకు తీసిన మనిషి ఒక్కతే బాగుంది. దగ్గినవాళ్ళను పంపేస్తే జబ్బు పోతుందనుకుంటున్నారు. దగ్గేసరికే అది మన చేతులు దాటిపోయింది. పైగా కూలి పోతుందని మనం దగ్గు దాస్తాం, ఒళ్ళు నలతగా ఉన్నా వస్తాం. ఈ తప్పు ఎవరు పట్టారు? నాకే ఇరవై రెండేళ్ళు కనపడలేదు."

ఆ పేజీ కింద ఇరవై ఏడు సంతకాలు పడ్డాయి. రెండు వేలిముద్రలు పడ్డాయి. కథలంటే పడని కాలరక్క అందరికంటే పెద్ద అక్షరాలతో పెట్టింది. ఈల సారు పుస్తకం చేతిలోకి తీసుకుని, "నేనూ కూలివాణ్ణే కదక్కా, నెలకిచ్చే కూలి" అని పై ఆఫీసుకు తానే తీసుకెళ్ళాడు.

అన్నీ ఒకేసారి జరిగిపోయాయని చెబితే అబద్ధం. కొత్త మనిషి రావడం సోమవారానికే ఆగింది. ఆర్డరు గడువు తరుముతుంటే, ముప్ఫై ఏళ్ళ చేతిని కింద గోడౌన్లో పెట్టుకుని కొత్త చేతికి పని నేర్పే తీరిక ఎవరికుంది? కిటికీల మేకులకు మరో వారం పట్టింది. ముక్కలు ఎగరకుండా మిషను కింది దారం చుట్టే ఇనప బాబిన్లు ఖాళీవి దారానికి గుచ్చి బరువులు చేశారు, తొమ్మిదిలో ఏడు కిటికీలు తెరుచుకున్నాయి. కూలి కోత సంగతి రెండు నెలలు సాగింది. రెండుసార్లు అందరూ కలిసి పై ఆఫీసు మెట్లెక్కారు, ఒకసారి ఈల మోగినా మిషన్లు తొక్కకుండా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒళ్ళు బాగాలేని మొదటి మూడు రోజులకు కూలి కొయ్యబోమని కాగితం మీద రాసిచ్చారు. మూడు చాలవు. నాలుగో రోజు కోసం పుస్తకంలో ఇంకో పేజీ తెరిచే ఉంది.

అత్తగారి కన్ను బాగుపడింది. కట్టు విప్పిన రోజు కోడల్ని ఎగాదిగా చూసి, "ఇన్నాళ్ళూ నువ్వు కాస్త తెల్లగా ఉంటావనుకున్నాను" అంది. కొడుకు వినపడనట్టు నీళ్ళ ట్యాంకరు కడుక్కున్నాడు.

కాజా పిన్ని తిరిగొచ్చిన రోజు సీరియల్ మేడ మీదికి మారింది. నీళ్ళ ట్యాంకు నీడలో, గాలి బాగా ఆడే చోట. చదివే పెట్టెకూ మొదటి వరసకూ మధ్య నాలుగడుగుల ఎడం. ఒళ్ళు నలతగా ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటారు, వాళ్ళు పోగొట్టుకున్న భాగాన్ని వచ్చాక ఎవరో ఒకరు చెప్పాలి. అన్నీ బాగున్నాయి గాని, పిన్ని ముఖం వాడింది. నాలుగడుగుల దూరంలో ఆ సగం చెవికి ఏం వినపడుతుంది? మొదటి రోజు భూతద్దం అక్క మాస్కు కదలడమే చూసింది పాపం.

రెండో రోజు పిన్ని చేతిలో ఏదో పట్టుకుని మెట్లెక్కింది. కాలరు నిలబడడానికి లోపల పెట్టే బిరుసు గుడ్డ, బక్రం. దాన్ని బాకా ఆకారంలో చుట్టి, అంచు మడిచి కుట్టి, సన్న చివరన చక్కని కాజా ఒకటి వేసి, అందులోంచి తాడు తీసి మెడలో వేసుకుంది. మొదటి వరసలో తన చోట కూర్చుని, సన్న చివర కుడిచెవికి పెట్టుకుని, వెడల్పు చివర పెట్టె వైపు తిప్పింది.

భూతద్దం అక్క పెట్టె మీదనుంచి దిగి, దూరంనుంచే వంగి, అలవాటు కొద్దీ ఆ కాజాను పరీక్షగా చూసింది. జేబులోంచి సుద్ద తీసి పిన్ని చేతికి విసిరింది. "గీత నువ్వే పెట్టుకో. తప్పు లేదు."

పిన్ని బాకా అంచున గీత పెట్టుకుంది. "ఊఁ, ఇక మొదలెట్టు" అంది. "ఆ గోడౌను వెధవ ఇంకా బతికే ఉన్నాడా? ఈసారి తుంపర రాకుండా తిట్టు."